రాణిగారి తూము

అనగనగా, జంతువులు మాట్లాడితే మనుషులు ఆగి వినే రోజుల్లో, వెన్నేరు అనే ఏటి ఒడ్డున మణిగిరి అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నాన్ని నాగలాంబ అనే రాణి ఏలుతుండేది.

నాగలాంబ మంచి మనసున్న రాణి. వెన్నేరంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు ఆ ఏట్లోనే ఈత నేర్చుకుంది. ఆ నీళ్లలో అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనపడేవని అందరికీ చెప్పి మురిసిపోయేది.

అలాంటి వెన్నేరు నానాటికీ నల్లబడసాగింది. నీళ్లమీద నురగ తేలింది. చేపలు వెల్లకిలా తేలాయి. దిగువ పేటల్లో పిల్లలకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని కోటకు వచ్చారు.

"మహారాణీ! తాగేదీ ఆ నీళ్లే, వండేదీ ఆ నీళ్లే. మేమేం చేసేది తల్లీ?" అని మొరపెట్టుకున్నారు.

రాణి గుండె నీరైంది. వెంటనే దండోరా వేయించింది. "ఎవరూ ఏట్లో చెత్త వేయరాదు, మురికి వదలరాదు. ఇది రాణిగారి ఆన!"

జనం తలలూపారు. ఏరు మాత్రం మారలేదు.

రాణి రేవురేవునా భటుల్ని కాపలా పెట్టింది. జనం రేవుల్లో మానేసి, మలుపు చాటున పారబోశారు. ఏరు ఇంకా నల్లబడింది.

ఇక రాణికి కోపం వచ్చింది. అసలు వీళ్ల మనసుల్లో ఏముందో తెలుసుకోవాలని మామూలు చీర కట్టుకుని, ముసుగేసుకుని, తెల్లవారుతుండగా ఏటిగట్టుకు వెళ్లింది.

అక్కడ సీతాలు అనే పూలమ్మే మనిషి వాడిన పూలబుట్ట నీళ్లలో కుమ్మరిస్తోంది.

"ఎందుకమ్మా అలా పోస్తున్నావ్?" అంది రాణి.

"బాగుందక్కా! నా ఒక్క బుట్టెడు పూలతో ఇంత ఏరూ పాడైపోతుందా?" అంది సీతాలు నవ్వుతూ.

కాస్త ముందుకు వెళితే అద్దకం పనివాడు వీరభద్రుడు నీలిరంగు కుండలు ఒంపుతున్నాడు.

"నేనొక్కణ్ణే కనపడ్డానా అమ్మా? నాకంటే ఎగువనున్న వాళ్లని ముందు ఆపమను. ఆ మరునాడే నేనూ ఆపుతాను" అన్నాడు.

ఇంకా ముందుకు వెళితే గుండప్పసెట్టి అనే షావుకారు. ఆయన ఇంట పెళ్లయింది. ఎంగిలి విస్తళ్లు బండెడు తెచ్చి ఏట్లో తోయిస్తున్నాడు.

"రాణిగారు ఉన్నారు కదా, ఆమే ఏదో ఒకటి చేస్తారు. మనకెందుకమ్మా ఆ దిగులు?" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

రాణికి ఒళ్లు మండిపోయింది. 'ఇలాంటివాళ్లని రాజ్యం నుంచే వెళ్లగొట్టాలి' అనుకుంటూ గట్టు వెంట ఎగువకు విసవిసా నడిచింది.

అక్కడ రెల్లుపొదల్లోంచి ఒక నీటికుక్క బయటికి వచ్చింది. నీటికుక్క అంటే ఏట్లో ఈదుతూ చేపలు పట్టుకు తినే నున్నటి బొచ్చు జంతువు. దాని నోట్లో ఒక పిల్ల వేలాడుతోంది. వెనక ఇంకో రెండు తడుముకుంటూ నడుస్తున్నాయి.

"ఎక్కడికి పోతున్నావు?" అని అడిగింది రాణి.

నీటికుక్క పిల్లను గడ్డిమీద దించింది.

"కొండవాగుకు పోతున్నానమ్మా. ఇక్కడ చేపలు ఎలాగూ లేవు. ఇప్పుడు పిల్లల కళ్లు కూడా పోయేలా ఉన్నాయి, చూడు."

రాణి వంగి చూసింది. మూడు పిల్లల కళ్లూ ఎర్రగా వాచి మూసుకుపోయాయి. ఆమెకు దిగువ పేట బిడ్డలు గుర్తొచ్చారు.

"ఈ పని చేసినవాళ్లని నేను ఊరు దాటిస్తాను. నా మాట నమ్ము" అంది ఆవేశంగా.

"అయితే ముందు అదిగో, ఆ గోడ కింద తూము ఉంది చూడు, దాని వెనక ఉన్నవాళ్లతో మొదలుపెట్టు. మా పిల్లల కళ్లు మండింది ఆ నీళ్లతోనే."

"ఎవరి తూమది?"

"నాకేం తెలుసు? మీ గోడలన్నీ మాకు ఒకేలా ఉంటాయి. నీళ్ల తేడా ఒక్కటే మాకు తెలుస్తుంది."

అలా చెప్పి, పిల్లను నోట కరుచుకుని నీటికుక్క వెళ్లిపోయింది.

రాణి తూము దగ్గరికి వెళ్లింది. ఎత్తయిన గోడ కింద రాతికంతలోంచి తెల్లటి కుంకుడు నురగ బుసబుసా పొంగుతూ ఏట్లో పడుతోంది. నూనె తెట్టు, పసుపు ముద్దలు, వంటశాల కుడితి, బట్టలుతికిన చౌడునీళ్లు అన్నీ ఆ నురగతోపాటే దిగుతున్నాయి. గాలి వీచింది. నురగలోంచి కస్తూరి, మంచిగంధం కలిసిన వాసన వచ్చింది.

ఆ వాసన రాణికి బాగా తెలుసు. అది ఆమె రోజూ చేసే స్నానం వాసన.

గోడ వెంట నడిచి చూసింది. అది తిన్నగా తన కోట ఏనుగుల వాకిలి దగ్గర తేలింది.

రాణి అక్కడే రాతిమీద కూలబడింది. 'నా ఒక్కదాని స్నానంతో ఏమవుతుందో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. ముందు జనం మారాలనుకున్నాను. నా ఇంటి సంగతి నౌకర్లు చూసుకుంటారనుకున్నాను. ఆ ముగ్గురికీ నాకూ తేడా ఏముంది?' సిగ్గుతో ఆమె మొహం ఎర్రబడింది.

కోటకు వచ్చి తూము మూయించమంది. మంత్రి పోలయ కంగారుపడ్డాడు.

"చిత్తం మహారాణీ. కానీ పని గుట్టుగా కానిద్దాం. జనానికి తెలిస్తే కోట పరువేం కావాలి?"

"దాచుకున్న పరువుతో పొక్కులు మానతాయా పోలయా? పట్టపగలే మూయించు" అంది రాణి.

తూము మూసిన మరునాటికి కోట పెరడంతా మడుగైంది. ఎన్నడూ తమ మురుగు వాసన ఎరగని కోటవాళ్లు ముక్కులు మూసుకున్నారు. రాణిని పెంచిన దాది ఎర్రమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇదేం చోద్యం తల్లీ! హాయిగా పోయే నీళ్లని ఇంట్లో పెట్టుకుంటామా?"

మొదట ఒక గొయ్యి తవ్వారు. రెండు రోజులకే నిండి పొర్లింది. ఇంకా పెద్దది తవ్వారు. దోమలు ముసిరాయి. అప్పుడు రాణికి అసలు సంగతి తట్టింది. నీళ్లు ఎటు పంపాలన్నది తరవాత, ఇన్ని నీళ్లెందుకన్నది ముందు! బిందెల కొద్దీ పోయించుకునే స్నానం రెండు బిందెలకు తగ్గించింది. అది తేలికేం కాలేదు. చల్లటి సాయంత్రాల్లో పాత వేడినీళ్ల తొట్టి గుర్తొచ్చి నిట్టూర్చేది. అయినా మాట తప్పలేదు. మూడోసారి ఇసుక, బొగ్గు పరిచిన కాలవ తవ్వించి, మిగిలిన నీళ్లను కొత్తగా నాటిన అరటితోటకు మళ్లించింది. వంటశాల చెత్త ఎరువుగుంటకు చేరింది.

పని కుదిరాక మళ్లీ దండోరా వేయించింది.

"వెన్నేటిని అందరికంటే ముందు పాడుచేసింది నా ఇల్లే. నా తూము మూశాను. ఇప్పుడు నేనెవరికీ ఆన పెట్టడం లేదు. చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడండి."

జనం వింత చూడటానికి వచ్చారు. కొందరు చాటుగా నవ్వారు. సీతాలు మాత్రం ఎరువుగుంట దగ్గర చాలాసేపు నిలబడింది. మరునాడు వాడిన పూలు ఏటికి పట్టుకెళ్లలేదు. తన గుడిసె వెనక చిన్న గుంట తవ్వుకుంది.

వీరభద్రుడు గోడ పక్కన తల గోక్కుంటూ నిలబడ్డాడు. జనానికి కాలవ చూపిస్తున్న రాణి గొంతు వినగానే ఆనవాలు పట్టాడు.

"ఆ రోజు గట్టుమీద నాతో మాట్లాడింది మీరేనా తల్లీ? ఎగువవాళ్లు మానితే నేనూ మానుతానన్నాను. పట్నం మొత్తానికి అందరికంటే ఎగువనున్నది ఈ కోటే. ఇక నాకు సాకు లేదు. ఆ ఇసుక కాలవ ఎలా తవ్వాలో కాస్త చూపించండి."

రాణి నవ్వి, చీరచెంగు దోపుకుని, తానే వెంట నడిచింది.

ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. అందరూ మారలేదు. గుండప్పసెట్టి ఇంకా రాణిగారే చూసుకుంటారంటూ తిరిగాడు. కానీ ఆయన కూతురి సీమంతానికి విస్తళ్లు ఏటికి మోయడానికి పట్నంలో ఒక్క బండివాడూ ఒప్పుకోలేదు. చివరికి ఆయన పెరట్లోనూ గుంట పడింది.

వానలు వచ్చి వెళ్లాయి. నురగ పోయింది. దిగువ పేటల్లో పిల్లల ఒళ్లు నునుపుదేరింది. ఎండాకాలం వచ్చేసరికి వాళ్లు ఏట్లో మునకలేస్తూ, ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం వేసుకుంటున్నారు.

మంత్రి పోలయ సంబరంగా వచ్చాడు. "మహారాణీ! తమరు ఏటిని కాపాడిన కథ శాసనం చెక్కిద్దామా?"

నాగలాంబ అప్పుడు మోకాళ్లదాకా బురదలో నిలబడి కాలవలోని పాత ఇసుక తోడుతోంది.

"రాతిమీద చెక్కితే పని అయిపోయిందనుకుంటారు పోలయా. ఇది రోజూ చేసే పని. రా, ఆ రెండో తట్ట నువ్వు పట్టు" అంది.

పోలయ పట్టుపంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు.

కాబట్టి పిల్లలూ, ఊరు బాగుపడాలని కోరుకునేవారు ఇంకొకరి కోసం ఎదురుచూడక ముందు తమ ఇంటినుంచే మొదలుపెట్టాలి.