గవ్వకు ఇల్లు చూసిన మంగతాయారు

అనగనగా ఒక ఊళ్ళో, మూతపడిన బియ్యం మిల్లులో, దిక్కులేని కుక్కలను సాకే మంగతాయారు అనే ఆవిడ ఉండేది, బంగారం. ఎవరైనా కుక్కను పెంచుకుంటామని వస్తే, పిల్లనిచ్చేవాళ్ళలా ముందు వాళ్ళ ఇల్లు చూసి వచ్చేది. "జాతకాలు కూడా కలవాలా పిన్నీ?" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేది.

ఆ కుక్కల్లో గవ్వ అని ఒకటి. తీసుకెళ్ళినవాళ్ళు రెండుసార్లు తిరిగి తెచ్చి వదిలేశారు. రెండోసారి అది అన్నం ముట్టలేదు. మళ్ళీ అలా జరిగితే ఇక దక్కదని మంగతాయారు భయం. అందుకని ఈసారి ప్రహరీ ఉన్న ఇంటికే ఇవ్వాలనుకుని, గవ్వను వెంటబెట్టుకుని బయలుదేరింది.

మొదట ఒక కాంట్రాక్టరు ఇంటికి వెళ్ళింది. ప్రహరీ ఎత్తుగానే ఉంది. గేటు పక్కన, ఎండలో, గొలుసు కూడా సిద్ధంగా ఉంది. "రాత్రిళ్ళు బాగా మొరుగుతుందా?" అన్నాడాయన. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత ఒక మేడకు వెళ్ళింది. "సెలవుల్లో పిల్లలకు కాలక్షేపం. బడి తెరిచాక మీకే పంపేస్తాం లెండి" అంది ఆ ఇల్లాలు. మంగతాయారు మంచినీళ్ళయినా తాగకుండా లేచింది.

ఇక గవ్వను అడిగినవాళ్ళలో కుట్టుపని చేసే మస్తానమ్మ ఇల్లు మిగిలింది. ఒకటే గది, అదీ అద్దెది. ప్రహరీ లేదు. గడప దగ్గరే మంగతాయారు మనసు వెనక్కి తగ్గింది. ఈలోగా గవ్వ లోపలికి వెళ్ళి, కుట్టుమిషను కింద చల్లగా ఉందని పడుకుంది. మస్తానమ్మ తొక్కడం ఆపేసింది.

అప్పుడు పొరుగావిడ వచ్చింది. "నా జాకెట్ అయిందా?"

"ఇంకో చెయ్యి కుట్టాలి వదినా. దీని తోక పెడలు కింద ఉంది. లేవనీ."

"పెళ్ళికి ఒంటిచేతి జాకెట్‌తో వెళ్ళనా?"

"పైట కప్పుకో," అంది మస్తానమ్మ, కాలు కదపకుండా. తర్వాత మంగతాయారు వైపు తిరిగి, "ఇది దేనికి భయపడుతుందమ్మా? కుక్కను తెచ్చుకుంటానని ఇంటిగలాయనకు ముందే చెప్పాను. వాకిలికి తడిక కట్టిస్తాను" అంది.

ఉరుముకు, ఎత్తిన చీపురుకు, అని మంగతాయారు చెప్పసాగింది. చెబుతూ చెబుతూ ఎప్పుడు గడప దాటి కూర్చుందో ఆమెకే తెలియలేదు.

నెల తిరిగాక చూడబోతే, గవ్వ ఆవిడను చూసి తోక ఊపింది. కానీ లేచి రాలేదు. వెళ్ళొస్తానన్నా వెంటబడలేదు. మంగతాయారు మనసు కాస్త చివుక్కుమంది. అంతకన్నా ఎక్కువగా తేలికపడింది.

కథేమో కంచి దారి పట్టింది,
గవ్వేమో గడప లోపల పడుకుంది,
మన ఇంటి దీపం మలిగింది,
బంగారు కంటికి నిద్ర వచ్చింది.