మధ్యలో నక్క ఎందుకు?

కాలవ చివర, దున్ని వదిలేసిన పల్లపు మడిలో ముత్యాలు అనే తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. తీతువులకి చెట్టెక్కే అలవాటు లేదు కదా, నేల మీదే కాపురం. కాలవకి నీళ్లు వదిలితే మడి మునుగుతుంది. ఒక పూట ముందు తెలిస్తే మట్టిబెడ్డలు ఏరుకొచ్చి గూడు ఎత్తు చేసుకోగలదు. తెలియకపోతే నాలుగూ పోతాయి.

నీళ్ల రాకని ముందే పసిగట్టేది గట్టు కన్నంలో ఉండే ఎండ్రకాయ మామ. నేల అదురు బట్టి తెలిసిపోతుంది ఆయనకి. కానీ ఈవిడ ఎంత గొంతు చించుకున్నా ఆయనకి వినబడదు. ఆయన లోపల గీకే చప్పుడు ఈవిడకి అంతుబట్టదు. అందుకని మధ్యలో నక్క దూరాడు. నేల తట్టి మామని అడిగేవాడు, చెవి ఆనించి విని ఈవిడకి చెప్పేవాడు. మాటకో చేప కూలి.

"చేపలదేముంది చెల్లెమ్మా, నీ పిల్లలు నాకు మేనల్లుళ్లు కారూ?" అనేవాడు గుడ్లకేసి చూస్తూ.

ఒకరోజు నక్క రాలేదు. ఆకాశం చూస్తే మబ్బు పట్టింది. ముత్యాలుకి మనసు ఆగలేదు.

"మామా! నీళ్లొస్తున్నాయా? ఉన్నావా పోయావా?"

ఉలుకూ పలుకూ లేదు. ఒళ్లు మండి కాలు నేలకేసి కొట్టింది. వెంటనే కన్నంలోంచి మామ ముందుకాలు పైకి లేచింది! మళ్లీ కొట్టింది, మళ్లీ లేచింది.

"ఓసి నా తెలివి తెల్లారా! ఇన్నాళ్లూ గొంతుతో అడిగానే!"

ఆనాటి నుంచీ పొద్దున్నే ఒక్క తొక్కు. మామ కాలెత్తిన రోజు నీళ్లు రావు, అంతా క్షేమం. ఒక పొద్దున మాత్రం ఆయన కాలెత్తకుండా మట్టితో కన్నం మూసేశాడు. ఎందుకైనా మంచిదని ఈవిడ గూడు ఎత్తు చేసుకుంది. మధ్యాహ్నానికి నీళ్లు రానే వచ్చాయి, గుడ్లు తడవలేదు. ఆ మేలుకి బదులుగా, కొంగ వాలినప్పుడల్లా ఈవిడ గబగబా తొక్కేది. మామ జాగ్రత్తపడి, లోపలికి ఏది దూరినా కరిచి పట్టడానికి కాచుకునేవాడు.

నీళ్లు తీశాక నక్క ఆయాసపడుతూ వచ్చాడు.

"చెల్లెమ్మా, కొంప మునిగింది! ఇప్పుడే మామని అడిగొస్తున్నా. సాయంత్రానికి నీ మెడలోతు నీళ్లట! పరుగెత్తి ఆవలి గట్టున చోటు చూసుకో. గుడ్లకి నేను కాపలా ఉంటా."

ముత్యాలు పరుగు తియ్యబోయింది. అయినా ఒక్కసారి నేల తొక్కింది. మామ కాలు నింపాదిగా పైకి లేచింది. నీళ్లూ లేవు, గీళ్లూ లేవు! ఇన్నాళ్లు అన్నా అని పిలిచినందుకు ఏడుపొచ్చింది ఆవిడకి. దిగమింగుకుంది.

"అన్నా, నాదంతా పిరికి ప్రాణం. లోపలికంటా చెయ్యి పెట్టి, మామని లేపి, ఇంకొక్కసారి అడగవూ?"

కాదంటే అనుమానం వస్తుందని నక్క చెయ్యి పెట్టాడు. ముత్యాలు గబగబా తొక్కింది.

"చచ్చాన్రా నాయనో! వదలమని చెప్పవే చెల్లెమ్మా!"

"నేనెలా చెప్పను అన్నా? మా మధ్య మాటలు మోసేది నువ్వే కదా! నువ్వే చెప్పుకో."

నక్క ఎలాగో చెయ్యి లాక్కుని, మూడు కాళ్ల మీద కుంటుతూ పొలిమేర దాటాడు. నాలుగో రోజున గుడ్లు నాలుగూ పగిలి, బుజ్జి పాదాలు ఎనిమిది టపటపమంటూ మామ గట్టు మీద తిరిగాయి.

ఎదుటివాడికి అందేలా పలకడం నేర్చుకుంటే, నడిమి మనిషి చేతిలో మోసపోయే పనే ఉండదు.