నాంచారి పద్నాలుగు మాత్రలు

ఇటు తిరిగి పడుకో బంగారం. ఆ కాలు దుప్పట్లోకి లాక్కో. ఇవాళ రాజుల కథ కాదు. రాజుని ఎదిరించడానికేముంది, వాడు ఎక్కడో కోటలో ఉంటాడు. రోజూ ఎదురుగా కూచుని అన్నం తినే వాళ్ళని ఎదిరించిన ఒక పిల్ల కథ చెప్తా, విను.

అనగనగా కాలవ చిట్టచివర, నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా వచ్చే ఒక ఊళ్ళో, నాంచారి అని ఒక కోడలు ఉండేది. దాని మామగారు బసవపున్నయ్య, మూడెకరాల వరి రైతు. అత్తగారు రాఘవమ్మ. మొగుడు ఏడుకొండలు చేపల చెరువు మీద పనికి వెళ్ళేవాడు. వాళ్ళకి పది నెలల ఆడపిల్ల. దాన్ని చిన్ని అని పిలుచుకునేవాళ్ళు.

నాంచారి ఎక్కువ మాట్లాడేది కాదు. అందుకని ఇంట్లో అందరూ దానికి నోరు లేదనుకున్నారు. నోరు లేక కాదమ్మా, అప్పటిదాకా దాంతో పని పడలేదంతే.

వానలు మొదలైన కొత్తల్లో చిన్నికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒకటా రెండా, పొద్దున్నించి సాయంత్రం దాకా బట్టలు ఉతుకుతూనే ఉంది నాంచారి. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తుంటే కన్నీళ్ళు కూడా సరిగ్గా రావడం లేదు.

"నీళ్ళు పట్టకే. పట్టేకొద్దీ పోతాయి" అంది రాఘవమ్మ.

నాంచారి పిల్లని చంకనేసుకుని ఆశా వర్కర్ సలోమి ఇంటికి పరిగెత్తింది. సలోమి ఆ ఊరి మనిషే. ఏ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడ్డా ముందు ఆమెకే తెలిసేది. సలోమి అప్పటికప్పుడు లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది. ఇద్దరూ కలిసి పిల్లని షేర్ ఆటోలో మండలం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా ఉంచుకుని, పిల్ల తేరుకున్నాక ఇంటికి పంపింది.

పంపేటప్పుడు పద్నాలుగు మాత్రలున్న అట్ట ఒకటి చేతిలో పెట్టింది.

"ఇవి జింకు మాత్రలమ్మా. రోజుకి ఒకటి. చెంచాలో నీ పాలు పిండి గానీ, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి గానీ కరిగించి పట్టు. విరేచనాలు తగ్గినా ఆపొద్దు, పద్నాలుగు రోజులూ వెయ్యాలి. ఒకటికి రెండు వెయ్యొద్దు, వాంతులవుతాయి."

"తగ్గాక కూడా ఎందుకు డాక్టరమ్మా?"

"విరేచనాలతో పాటు పిల్ల ఒంట్లో ఉన్న జింకు కూడా కొట్టుకుపోయింది. అది మళ్ళీ నిండాలి. నిండితే పేగు బాగా మానుతుంది. ఇంకో రెండు మూడు నెలల దాకా ఈ జబ్బు అంత తేలిగ్గా మీద పడదు."

నాంచారి ఆ మాటలన్నీ దారి పొడుగునా మనసులో చెప్పుకుంటూ వచ్చింది.

మొదటి రోజు మాత్ర వేసింది. పిల్ల మొహం చిట్లించింది. రెండో రోజు వేసింది. మూడో రోజుకి విరేచనాలు కట్టేశాయి. చిన్ని పాకుతూ వెళ్ళి కోడిపెట్ట తోక పట్టుకుంది. ఇంట్లో అందరూ నవ్వారు. నాంచారి కూడా నవ్వింది పాపం, గొడవ తీరిపోయిందనుకుని.

నాలుగో రోజు పొద్దున చూస్తే మాత్రల అట్ట లేదు.

"అత్తయ్యా, మాత్రలేవి?"

"తీసేశాను. తగ్గిపోయిన పిల్లకి మందేమిటే? వేడి చేస్తుంది. మేం నలుగుర్ని పెంచాం, ఒక్కరికీ ఇన్ని మాత్రలు మింగించలేదు."

"ఎక్కడ పెట్టారు?"

రాఘవమ్మ కళ్ళు ఒక్కసారి అటక మీదికి పోయాయి. నాంచారి చూసింది. స్టూలు లాగి, ఆవిడ చూస్తుండగానే అటకెక్కి, పాత డబ్బాలోంచి అట్ట తీసుకుని దిగింది. చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుంది.

అప్పుడు చద్దన్నం తింటున్న బసవపున్నయ్య గట్టిగా అరిచాడు. "పెద్దది వద్దన్నాక వినవా? తగ్గిన రోగానికి మందేమిటి?"

నాంచారి చెంచాలో మాత్ర కరిగిస్తూనే అంది. "మామయ్యా, పోయినేడు మన కింది మడిలో ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చాయి. దుబ్బులు గిడసబారిపోయాయి. జింకు లోపమని వ్యవసాయాఫీసరు చెప్తే జింకు మందు కొట్టారు. మొదటిసారి కొట్టగానే ఆకు పచ్చబడిందా లేదా?"

"పచ్చబడింది."

"మరి ఐదు రోజులాగి రెండోసారి, మళ్ళీ ఐదు రోజులాగి మూడోసారి ఎందుకు కొట్టారు?"

"తిరగబెడుతుందని."

"చేనుకి తిరగబెడుతుంది, పిల్లకి తిరగబెట్టదా?"

బసవపున్నయ్య చద్దన్నం కంచం పక్కకి జరిపి కోడలి వైపే చూశాడు. నాంచారి నోట్లోంచి ఒకేసారి అన్ని మాటలు రావడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు మరి. ఈలోగా చిన్ని నాలుగో మాత్ర మింగేసింది.

ఆ సాయంత్రం ఏడుకొండలు చెరువు నుంచి వచ్చాడు. గొడవంతా విన్నాడు. మంచివాడే కానీ గొడవంటే భయం.

"ఇంకా పది ఉన్నాయంటున్నావు కదా. రోజుకి రెండేసి వేసెయ్యి. ఐదు రోజుల్లో అయిపోతాయి. అమ్మా ఊరుకుంటుంది, నువ్వూ ఊరుకుంటావు" అన్నాడు.

"ఏవండీ, మీ చెరువులో చేపలకి వారం రోజుల మేత ఒకేరోజు వేస్తారా?"

"వెయ్యం. నీళ్ళు పాడవుతాయి."

"ఇదీ అంతే. రెండేస్తే వాంతులవుతాయి. ఒకటన్నారు, ఒకటే వేస్తాను."

ఏడుకొండలు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఇక మామగారి సంగతి విను. ఆయన ఊరుకోలేదు. అట్లాగని చెడ్డవాడనుకోకు. మనవరాలంటే ప్రాణం. కోడలు చెప్పిన మాట ఆయన బుర్రలో గిరగిరా తిరిగింది. 'నిజమే, చేనుకీ జింకే, పిల్లకీ జింకే. అలాంటప్పుడు ఆ గోరంత మాత్ర దేనికి? కొట్లో చేనుకి తెచ్చిన జింకు ఉంది కదా' అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున నాంచారి కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని బిందెతో ఇంటికి వచ్చింది. వచ్చేసరికి బసవపున్నయ్య అరుగు మీద కూచున్నాడు. ఒళ్ళో చిన్ని. పక్కన చేనుకి వేసే జింకు పొట్లం, చింపి ఉంది. చేతిలో గ్లాసు. గ్లాసులో తెల్లటి పలుకులు కరుగుతున్నాయి. చెంచా పిల్ల పెదవుల దాకా వెళ్ళింది.

నాంచారి బిందె వదిలేసింది. ఒక్క గెంతులో వెళ్ళి ఆ చెయ్యి కొట్టింది. చెంచా ఎగిరి వాకిట్లో పడింది. గ్లాసు లాక్కుని ఇంటి ముందున్న కాలవలోకి విసిరేసింది.

మామగారి చెయ్యి కొట్టిన కోడలు ఆ వీధిలో అంతకు ముందు లేదు.

"నా మనవరాలికి నేను విషం పెడతానా?" బసవపున్నయ్య లేచి నిలబడ్డాడు.

"తెలిసి పెట్టరు మామయ్యా. తెలీక పెడుతున్నారు. ఒక్క చుక్కైనా లోపలికి పోయిందా? ముందు అది చెప్పండి."

ఆయన మొహం తిప్పుకున్నాడు. నాంచారి తడిబట్టతో పిల్ల పెదవులు తుడిచింది. ఆ చిరిగిన పొట్లం కూడా చేతిలోకి తీసుకుంది. పిల్లని ఎత్తుకుని మెట్టు దిగింది.

"ఈ గడప దిగావంటే మళ్ళీ ఎక్కొద్దు" అన్నాడాయన వెనక నుంచి.

"దిగుతాను. మళ్ళీ ఎక్కుతాను కూడా" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నేనైతే అక్కడే కూలబడిపోయేదాన్నమ్మా. నాంచారి మాత్రం తిన్నగా ఆటో ఎక్కి మండలం ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ పిల్ల నోరు చూసింది, పొట్ట నొక్కి చూసింది, రెండు గంటలు కదలనివ్వకుండా దగ్గరే ఉంచుకుంది. వాంతి లేదు, ఏమీ లేదు. చుక్క కూడా లోపలికి పోలేదని తేలింది. తర్వాత ఆ పొట్లం చదివి తల పట్టుకుంది.

"పేరు ఒకటే గానీ, ఇది మనుషులు తినడానికి చేసింది కాదు. ఎంత పడిందో తెలీదు, ఇందులో ఇంకేం కలిసిందో తెలీదు. కొంచెం లోపలికి పోయినా పసిపిల్ల పొట్టలో పుండ్లు పడేవి. మంచి పని చేశావమ్మా. నీ మాత్రలు మాత్రం ఎప్పట్లాగే వేసుకో, రోజుకి ఒకటి."

అప్పుడు ఏడ్చింది నాంచారి. అంతసేపూ ఏడవలేదు, అక్కడ ఏడ్చింది. డాక్టరమ్మ ముందే చెంచాలో ఐదో మాత్ర కరిగించి పట్టింది. ఆ తర్వాత మొహం కడుక్కుని ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి గడప ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు అందరి ముందూ చెప్పింది. ఒక్క మాట కూడా కలపలేదు. రాఘవమ్మ చిన్నిని లాక్కుని గుండెకి హత్తుకుని చాలాసేపు వదల్లేదు. బసవపున్నయ్య మాత్రం లేచి చేనుకి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు ఆయన కొట్లో ఉన్న చేను మందులన్నీ మూటగట్టి పొలం దగ్గరి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. కానీ కోడలితో మాట మాత్రం లేదు. మంచినీళ్ళు కావాలన్నా గోడతో చెప్పేవాడు.

చెప్పుకోనీ. ఆరో రోజు నుంచి నాంచారి మాత్ర ఇంటి లోపల వెయ్యడం మానేసింది. రోజూ పొద్దున్నే పిల్లని అరుగు మీద కూచోబెట్టుకుని, వీధంతా చూస్తుండగా వేసేది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. దారిన పోయేవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. "మామగారి చెయ్యి కొట్టింది ఇదే" అనేవాళ్ళు. నాంచారి తల దించేది కాదు.

పక్కింటి పార్వతి ఒకరోజు వచ్చి కూచుంది. "మావాడు సన్నగా ఉన్నాడే. బలానికి నాలుగు మాత్రలు ఇవ్వవూ?" అంది.

"ఇవ్వను వదినా. ఇవి లెక్కగా మా పిల్లకి ఇచ్చినవి. మీవాడికి జింకు తక్కువో, అన్నం తక్కువో, కడుపులో పురుగులో మనకేం తెలుసు? రేపు సలోమక్క వస్తుంది. ఇద్దరం కలిసి వాణ్ణి ఆసుపత్రిలో చూపిద్దాం."

పార్వతి మూతి ముడుచుకుని వెళ్ళింది. మర్నాడు మాత్రం పిల్లాడికి తల దువ్వి తయారుచేసి తీసుకొచ్చింది.

పన్నెండు. పదమూడు. చిన్ని బుగ్గలు మళ్ళీ నిండాయి. గోడ పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టింది. పెరుగన్నం గిన్నె దగ్గరికి తనే వెళ్ళేది.

పద్నాలుగో రోజు వచ్చింది. తెల్లవారింది. నాంచారి అరుగు మీద కూచుని చివరి మాత్ర వేసి, చెంచా కడిగి, ఖాళీ అట్టని మడిచింది. అప్పుడే బసవపున్నయ్య పార భుజాన వేసుకుని చేనుకి బయల్దేరాడు. మెట్టు దిగాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అమ్మాయ్, ఇవాళ్టిది వేశావా?"

తొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట అది.

నాంచారి తల ఎత్తే చెప్పింది.

"వేశాను మామయ్యా. మీరు అడక్కపోయినా వేసేదాన్ని."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడో, నిట్టూర్చాడో వెనక నుంచి తెలీలేదు. "తెలుసులే" అని చేనుకి వెళ్ళిపోయాడు.

కళ్ళు మూసుకో తల్లీ, అయిపోయింది.

కథ పోయె కంచికి,
కలత పోయె ఏటికి,
పాప చేరె ఒడికి,
పోదాం మనం నిద్దరకి.