ముందు అడుగు

మరీ పాతకాలం సంగతేం కాదు. అడవిలోకి కూడా సెల్‌ఫోన్ సిగ్నలు వచ్చాక జరిగిందే.

కొండ కింద, వాగు మెలిక తిరిగే చోట ఒక పచ్చికబయలు. తెల్లవారుజామున మంచు దిగితే ఆ బయలు నేలమీద ఉన్నట్టుండదు, పాలల్లో తేలుతున్నట్టుంటుంది. ఆ పాలల్లోకి తుమ్మెద అనే నల్ల ఆడగుర్రం ముందు పరుగెత్తేది. మిగతా గుర్రాలు దాని అచ్చుల్లోనే డెక్కలు వేసుకుంటూ వెనకాలే. తుమ్మెదకు పరుగంటే కాళ్లతో వినడం. రాతినేల ఒకలా మాట్లాడుతుంది, ఇసుకనేల ఇంకోలా గొణుగుతుంది. వింటూ వింటూ తనెక్కడుందో మరిచిపోయేది.

ఆ గుర్రాలకు పరుగు నేర్పుతానంటూ జంబయ్య అనే నక్క దిగబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక పది బారలు తిన్నగా పరుగెత్తిన పాపాన పోలేదు, అయినా శిక్షకుడు. ఒక్కో గుర్రం ఛాతీకి ఒక పట్టీ బిగించాడు. వేసిన అడుగులెన్ని, వేగమెంత, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, అన్నీ ఆ పట్టీలోంచి అతని ట్యాబ్‌లోకి వచ్చి పడతాయి. ఇక గుర్రాలతో మాట్లాడే పనేముంది? పొద్దున్నే పలకరించినా తలెత్తకుండా, మీ కుశలం నాకు వచ్చేసిందిలే అనేవాడు.

నెల తిరగ్గానే అందరినీ నిలబెట్టి తెర చూపించాడు. పచ్చగా సాగుతున్న గీత రోజూ ఒకే చోట, వాగు మలుపు దగ్గర, ఎర్రబడి కిందికి జారుతోంది. అక్కడ తుమ్మెద నెమ్మదిస్తోందట. దాని వెనక ఉన్న పాపానికి మిగతావాళ్లూ నెమ్మదిస్తున్నారట. కాబట్టి రేపటినుంచి మంద ముందు తుమ్మెద ఉండదు, సున్నపు గానుగకు పోతుంది. అక్కడ గుండ్రంగా తిరగడమే, మలుపుల బెడద ఉండదు అని నవ్వాడు.

తుమ్మెదకు గానుగ సంగతి తెలుసు. గానుగ చుట్టూ నేల ఒక్కటే మాట చెబుతుంది. చచ్చేదాకా అదే మాట.

"జంబయ్యగారూ, ఆ మలుపులో నేల..."

"నువ్వు చెప్పక్కర్లేదమ్మా, పట్టీ చెప్పేసింది. నీకు బద్ధకం."

పక్కన నెమరేస్తున్న ముసలి ఎద్దు పోలయ్య, ఎంతకీ తొందరపడని జీవి, ఆ మలుపేదో అందరం వెళ్లి చూద్దామన్నాడు. జంబయ్య సంబరంగా ఒప్పుకున్నాడు. పట్టీ తనే బిగించుకున్నాడు. మలుపు దగ్గర ట్యాబ్‌ను ఒక రాయికి ఆనించి, దాటడమంటే ఏమిటో తెరమీద చూసి నేర్చుకోమన్నాడు.

మలుపు మంచులో మునిగి ఉంది. తుమ్మెద అలవాటుగా ఆగింది. డెక్క కింద నేల ఖాళీ కుండలా పలికింది. వాగు లోపల్లోపల మట్టినంతా తినేసింది. పైన మిగిలింది వేళ్లు అల్లుకున్న పచ్చిక మాత్రమే. రోజూ అందుకే నెమ్మదించి, పక్కకు ఒరిగి, అందరినీ చుట్టు తిప్పి తీసుకెళ్తోంది. రేపు తను లేకుండా మంద ఇక్కడికి దౌడు తీస్తే ఎన్ని కాళ్లు విరుగుతాయో.

జంబయ్య అంచున నిలబడి తొంగి చూశాడు. "ఏముందని ఇక్కడ? దీనికా ఆగడం?"

పోలయ్య నెమరు ఆపాడు. "ముందు అడుగు, జంబయ్యా."

తుమ్మెదను అడగమని పోలయ్య అన్నాడు. కానీ నెల్లాళ్లుగా అడుగులు తప్ప ఇంకేమీ పట్టని చెవికి ఆ మాటకు ఒకటే అర్థం తోచింది. ముసలాడు తన ధైర్యాన్ని పరీక్షిస్తున్నాడనుకున్నాడు.

"అడుగేం ఖర్మ తాతా, గెంతే వేస్తా చూడు."

గెంతాడు. పచ్చిక మెత్తగా నోరు తెరిచింది. మంచులో ఉన్నవాడు ఉన్నట్టే మాయమయ్యాడు. తెరమీద అడుగులు ఆగిపోయాయి, గుండె మాత్రం దౌడు తీస్తోంది.

కాసేపటికి కిందనుంచి, నడుములోతు బురదలోంచి, సన్నని గొంతు వినిపించింది.

"తుమ్మెదా... ఎటునుంచి పైకి రావాలమ్మా?"

గుర్రాలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. జవాబు కావాలని జంబయ్య వాళ్లను అడిగిన మొదటి ప్రశ్న అది.

ఎడమవైపు గట్టినేల ఉంది, వేళ్లు పట్టుకుని రమ్మని తుమ్మెద చెప్పింది. అతను బయటపడేదాకా ఆగి, మంద ముందుకు వచ్చి నడిచింది. ఒక్కొక్క గుర్రమే దాని అచ్చుల్లో డెక్క వేస్తూ, మలుపు చుట్టి, మంచులో కలిసిపోయింది. గానుగ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అడుగులు లెక్కపెట్టేవాళ్లు, ఆ అడుగులు వేసేవాళ్లను ముందుగా అడగాలి.