అయ్యగారి గడ్డి ట్రాక్టర్లు

వెలగపాడు ప్రెసిడెంటు జగ్గారావు తన ఊరేగింపు వీడియోలు అప్‌లోడ్ చేస్తున్నంతసేపూ, అదే నెట్‌లో కోడలు పిల్లలకు చెప్పే పాఠం ఆగిపోయేది. ఆమె ఉద్యోగం ఊడేలా ఉంది. వీడియోలు ఎక్కే వేగం కాస్త తగ్గిస్తే రెండూ నడుస్తాయన్నాడు కేబుల్ మస్తాను.

"నావి ఒక్క క్షణం కూడా ఆగడానికి వీల్లేదు!" అని కసిరాడు ప్రెసిడెంటు.

మర్నాడు ఆయన మీటింగుకి బయల్దేరేసరికి ఆయన గడ్డి ట్రాక్టర్లే బారుగా ఇంటి గేట్లోంచి లోపలికొస్తున్నాయి. మస్తాను గేటు పక్కన నిలబడి, "ఆపకండి, అయ్యగారివి క్షణం కూడా ఆగకూడదు!" అంటూ వాటిని తోలిస్తున్నాడు.

"ఒరే, నేనొక్కణ్ణేరా! రెండు ట్రాక్టర్ల మధ్య కాస్త సందిస్తే వెళ్లిపోతాను!" అని అరిచాడు ప్రెసిడెంటు.

"కోడలమ్మగారి పాఠానికీ అంత సందే చాలు బాబుగారూ," అన్నాడు మస్తాను, చెయ్యెత్తి ట్రాక్టరు ఆపుతూ.