ధ్రువుడి కొలువు

ఒకానొకప్పుడు కొండల నడుమ, ఏనుగు పడుకుంటే తోక సరిహద్దు దాటేటంత చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు ప్రచండవర్మ. వీధులకు తన పేరు, బావులకు తన పేరు, చివరికి వంటశాలలో పులుసుకూ తన పేరే పెట్టుకున్నాడు. నేల మీద ఇంకేమీ మిగలక, ఒకనాడు ఆయన కన్ను ఆకాశం మీద పడింది.

ఆస్థాన జ్యోతిష్కుడు సోమయాజులును పిలిపించాడు.

"ఏమయ్యా, ఉత్తరాన కదలకుండా ఉంటుందే, ఆ చుక్క పేరేమిటి?"

"ధ్రువ నక్షత్రం, మహాప్రభూ."

"ఇకమీదట అది ప్రచండ నక్షత్రం. పంచాంగంలో మార్చు. లేదా రాజ్యం విడిచి పో!"

ముసలాయన ఇరకాటంలో పడ్డాడు. అది ధ్రువుడు తపస్సు చేసి సంపాదించుకున్న చోటు. మారిస్తే పాపం, మార్చకపోతే ఈ వయసులో మూటాముల్లె సర్దుకోవాలి. పరుగున పోయి విదూషకుడు మల్లప్ప దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు.

మల్లప్ప కడుపుబ్బ నవ్వాడు. "ఇంతేనా! మీరు ఊరికే తల ఆడించండి బాబుగారూ, మిగతాది నేను చూసుకుంటాను."

మర్నాడు సభలో మల్లప్ప చేతులు కట్టుకుని లేచాడు.

"మహాప్రభూ, పేరు పుచ్చుకునే ముందు తమరు ఒక్క పగలు ధ్రువుడి కొలువు చేయాలి. ఆయన కదలడు. కదిలితే బాటసారులు దారి తప్పుతారు."

"ఓస్, అదెంత!" అని రాజు సింహాసనం మీద బిగుసుకుని కూర్చున్నాడు.

"మరి చుట్టూ సప్తర్షులు తిరగాలి కదా" అంటూ మల్లప్ప ఏడుగురు పండితులను లేపాడు. ఏడుగురూ బొజ్జలు ఊపుకుంటూ ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. తిరిగి తిరిగి ఒకాయన స్తంభాన్ని కౌగిలించుకున్నాడు, ఇంకొకాయన సేనాపతి ఒళ్ళో కూలబడ్డాడు. వాళ్ళను చూసి రాజుకూ కళ్ళు తిరిగాయి. ముక్కు మీద ఈగ వాలింది. వంటశాల నుంచి గారెల వాసన వచ్చింది. పాపం, కదలడానికి లేదు!

ఇంతలో సన్నాయి మోగిస్తూ పెళ్ళివారు వచ్చారు. కొత్త దంపతులకు ధ్రువుణ్ణి చూపించడం ఆనవాయితీ కదా, మల్లప్పే కబురు పెట్టాడు.

రాజు ముఖం వెలిగిపోయింది. పురోహితుడు ఆయన వైపు వేలు చూపి, "అమ్మాయీ, ధ్రువుడు కనబడ్డాడా?" అన్నాడు.

వధూవరులిద్దరూ అలవాటుగా తలలెత్తి సభామంటపం కప్పుకేసి చూశారు. "ఆఁ, కనబడ్డాడండీ!" అనేసి వెళ్ళబోయారు.

"ఆగండి! ఎదురుగా నేనుంటే పైకి చూస్తారేం?" రాజు గర్జించాడు.

పెళ్ళికూతురు బెదిరిపోయి ఉన్నమాట చెప్పేసింది. "పట్టపగలు చుక్కలు ఎవరికి కనబడతాయి మహారాజా? కనబడిందనకపోతే భోజనాలకు లేవనివ్వరు. మా అమ్మా ఇలాగే అందట, అమ్మమ్మా ఇలాగే అందట."

రాజు తెల్లబోయాడు. "అయితే నా చుక్కను ఎవరూ చూడనే చూడరా?"

"చూడరు ప్రభూ" అన్నాడు మల్లప్ప. "పైగా తమరు అక్కడ ఉంటారు, గారెలు ఇక్కడ ఉంటాయి."

రాజు ఈగను తోలుకుని, పకపకా నవ్వుతూ లేచి నిలబడ్డాడు. "ధ్రువుడి పేరు ధ్రువుడికే ఉండనీ! సోమయాజులూ, నువ్వెక్కడికీ పోనక్కరలేదు. ముందు అందరికీ గారెలు వడ్డించండి!" సోమయాజులు ఆనందం పట్టలేక పెళ్ళికొడుకును గట్టిగా కావలించుకున్నాడు.

రాజు మల్లప్పను పిలిచి ఉత్త చేయి చాపాడు. "ఇదిగో నీ బహుమానం, ముత్యాల హారం. కనబడిందా?"

మల్లప్ప ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "లేదు ప్రభూ. నాకు పెళ్ళయి చాలా కాలమైంది. ఇప్పుడు ఉన్నదే కనబడుతుంది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ తన మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు.