రెండు తులాల శాసనం

ఎర్రకొండసీమను పూర్వం ప్రచండదేవుడనే రాజు ఏలేవాడు. ఆయనకు విలువిద్య అంటే మోజు. తన విలువిద్య అంటే మరీ మోజు.

ఒక దసరానాడు జరిగిన పోటీలో ఆయన వదిలిన బాణం మూడు వందల అంగలు దాటి పడింది. ఇంకెవరి బాణమూ అంత దూరం పోలేదు. తూచి చూస్తే అది సరిగ్గా రెండు తులాలుంది.

ఆస్థాన పండితుడు సోమిదేవశర్మ లేచి, "ప్రభూ! బాణానికి ఇదే ఉత్తమమైన బరువని తమరు లోకానికి చాటారు. ఇక మీదట ప్రజలు వేరే బరువు వాడితే తమకు అవమానం కాదూ?" అన్నాడు.

ఆ మాట రాజు చెవికి తేనెలా తగిలింది. మర్నాడే దండోరా వేయించాడు. రాజ్యంలో ఏ బాణమూ రెండు తులాలకు మించి తూగరాదు. మించిన బాణాన్ని చేసినా, పట్టినా, ఎక్కుపెట్టినా, వారెవరైనా సరే, బాణంతోనే మరణశిక్ష.

కొండ కింద ఒక బోయపల్లె ఉంది. అక్కడ సుంకమ్మ అనే ఆవిడ బాణాలు చేసేది. పందుల బాధ ఎక్కువైన పల్లె అది. సుంకమ్మ తమ్ముడు ఓబులేసు జొన్నచేను కాపలాకు వెళ్లి, శాసనానికి కట్టుబడి రెండు తులాల బాణంతోనే ఒక అడవిపందిని కొట్టాడు. బాణం తోలులో గుచ్చుకుని వేలాడింది. పంది వెనక్కి తిరిగి ఓబులేసు తొడను కోరలతో చీల్చేసింది.

తమ్ముడి గాయానికి పసరు కట్టి, సుంకమ్మ ఆ పూటే గట్టి వెదురు తీసింది. బరువైన ఇనుప ములుకులు బిగించి, అయిదు తులాల బాణాలు చేసింది. పల్లెవాళ్లు వాటితో ఆ పందిని ఒక్క దెబ్బకు పడగొట్టారు. కబురు కోటకు చేరింది. భటులు వచ్చి, సుంకమ్మనూ ఆమె బాణాలనూ పట్టుకుపోయారు. ఆమె ఆ పంది భుజం తోలును చంకన పెట్టుకుని బయలుదేరింది.

"ఏమే, నా శాసనం వినలేదా?" అని గర్జించాడు రాజు.

"విన్నాను సామీ. నా తమ్ముడూ విన్నాడు. పందే వినలేదు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

రాజు ముఖం ఎర్రబడింది. "దీన్ని మైదానంలో నిలబెట్టండి! శిక్ష నా చేత్తోనే వేస్తాను."

"అట్లనే కానీయండి. ఒక్క మనవి. మీ శాసనం ప్రకారం పందినైనా రెండు తులాల బాణంతోనే కొట్టాలి కదా? పంది కప్పుకున్నదే నన్నూ కప్పుకోనీయండి. మూడు వందల అంగలు పోయే బాణానికి ఈ తోలొక అడ్డమా?"

కాదంటే తన బాణాన్ని తానే శంకించినట్టవుతుంది. రాజు సరేనన్నాడు.

బురదలో పొర్లి, చెట్ల జిగురుకు ఒళ్లు రాసుకునే పంది కావడంతో, దాని భుజం తోలు చెక్కలా గట్టిపడి ఉంది. సుంకమ్మ దాన్ని గుండెల మీద కట్టుకుని వంద అంగల దూరంలో నిలబడింది. చూపు రాజు మీద నుంచి తిప్పలేదు.

రాజు వింటినారి చెవిదాకా లాగి వదిలాడు. బాణం రివ్వున వచ్చి తోలుకు తగిలి, కొన మాత్రం దిగి, ఊగి ఊగి కింద పడింది. రెండోదీ అంతే. మూడోదాని వెదురు విరిగిపోయింది.

రాజుకు ఒళ్లు మండిపోయింది. పక్కన గుట్టగా పోసి ఉన్న సుంకమ్మ బాణాల్లోంచి ఒకటి లాక్కుని నారికి తగిలించాడు.

"సామీ!" అని అరిచింది సుంకమ్మ. "ఆ బాణం అయిదు తులాలు! పట్టినా, ఎక్కుపెట్టినా, వారెవరైనా సరే అని దండోరా వేయించింది మీరే. నా తర్వాత ఇక్కడ ఎవరిని నిలబెడతారు?"

రాజు చేతిలోని బాణం వైపు చూశాడు, శర్మ వైపు చూశాడు. శర్మ తల వంచుకున్నాడు. రాజు మెల్లగా విల్లు దించి, సుంకమ్మ దగ్గరికి నడిచి వచ్చాడు.

"నేను ఆగకుండా దీన్ని వదిలి ఉంటే?" అన్నాడు గొంతు తగ్గించి.

"చచ్చేదాన్ని సామీ. అయితే ఏ బాణం ప్రాణం తీస్తుందో మీ చేత్తోనే ఊరందరికీ చూపించినవారయ్యేవారు. రేపటి నుంచి మావాళ్లు అదే చేసుకునేవాళ్లు."

రాజు ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి మైదానంలోని జనం కూడా ఊపిరి పీల్చుకుని నవ్వారు.

శాసనం అక్కడికక్కడే రద్దయింది. కొండవాలు మీది వెదురు తోపును రాజు బోయపల్లెకు రాసిచ్చాడు. ఓబులేసు గాయానికి రాజవైద్యుణ్ణి పంపించాడు. సుంకమ్మకు పట్టుచీర పెట్టించి, "నాకూ అయిదు తులాల బాణాలు పన్నెండు చేసిపెట్టు" అన్నాడు.

"ఇది మళ్లీ శాసనమా సామీ?" అంది సుంకమ్మ. "ముందు మీ విల్లును నేను వంచి చూడాలి. జింకను కొడతారో పందిని కొడతారో చెప్పండి. బరువు సంగతి ఆ తర్వాత నేను చెప్తా."

ప్రచండదేవుడు ఇంకా గట్టిగా నవ్వి, అంతవరకూ పరాయివాళ్లను ముట్టనివ్వని తన విల్లును భుజం మీంచి తీసి ఆమె చేతికిచ్చాడు.